సిస్టమ్ పెద్దదైంది

ఆ రోజుల్లో మా వైపు సిస్టమ్ అంటే కంప్యూటరే. "సిస్టమ్ ఆన్ చెయ్", "సిస్టమ్ మీద చెయ్యి తియ్" అనేవాళ్లు తప్ప, ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని ఎవరికీ పట్టేది కాదు. నా మొదటి ఉద్యోగాన్ని మింగింది ఆ ఒక్క మాటే. (ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, చాన్నాళ్లు ఆ మాట వింటే ఒళ్లు మండేది.)

మంగళగిరిలో చీరల షాపు పైన మా ఆఫీసు. కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు (తొక్కి కుట్టిన గోనె బస్తాలు) తూచే కాటాలకి తగిలించే చిన్న కంప్యూటర్లు తయారు చేసేవాళ్లం. ఓనరు మా చర్చిలో సంఘపెద్ద, అందరికీ బాబాయి. ఆ మిషనుకి సరిపడే లినక్స్ కెర్నల్ (అన్నిటికన్నా ముందు లేచి మిగతావాటికి పని చెప్పే ప్రోగ్రాం) నేను కంపైల్ చేసి, అంటే ఆ మిషను భాషలోకి మార్చి, ఇవ్వాలి. "ఇది నడిస్తే నువ్వు పర్మినెంటురా అబ్బాయ్" అన్నాడు బాబాయి. అమ్మకి 'ఇది నడిస్తే' అన్న ముక్క వినబడలేదు. ఆ ఆదివారమే చర్చిలో లేచి, కొంగు తలమీదికి లాక్కుని, "మా అబ్బాయిని దేవుడు పర్మినెంటు చేశాడు" అని సాక్ష్యం చెప్పేసింది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది బాబాయే. ఇక కెర్నల్ నడవకపోతే అమ్మ దేవుడి ముందు అబద్ధమాడినట్టే.

కంపైల్ చేసేముందు అది కావాలా, ఇది కావాలా అని కెర్నల్ వరసపెట్టి అడుగుతుంది. ఎందుకైనా మంచిదని అన్నిటికీ అవునన్నాను. జాయ్‌స్టిక్‌లు, టీవీ కార్డులు, నేను జన్మలో చూడని పరికరాలు, అన్నీ లోపలికే. చివర్లో ఇంగ్లీషులో ఒక లైను వచ్చింది: సిస్టమ్ మరీ పెద్దదైంది, మాడ్యూల్స్ వాడి చూడు. వెనకే నిలబడ్డ బాబాయి చదివాడు. "ఏరా, సిస్టమ్ పెద్దదైందంటగా?" "అది కాదండీ బాబాయ్..." "అదే చెబుతుంటే నువ్వు కాదంటావేంట్రా!" మధ్యాహ్నానికి నా పెద్ద కంప్యూటర్, కొత్తగా ఆఫీసులో చేరిన ఆయన అల్లుడి టేబుల్ ఎక్కింది. (అల్లుడుగారు దానిమీద పేకాట ఆడేవారు.) నాకు ఒక చిన్న పాత లాప్‌టాప్ ఇచ్చారు. దానిమీద కంపైల్ పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గానీ అయ్యేది కాదు. అయ్యాక మళ్లీ అదే లైను.

అప్పుడు బుద్ధిగా కూర్చుని ఆ లైను చదివాను. అక్కడ సిస్టమ్ అంటే పెట్టె కాదు, నేను వండిన కెర్నల్. అక్కర్లేనివి తీసేసి, ఎప్పుడో గానీ వాడనివాటిని, అవసరమైనప్పుడు పిలుచుకునేలా, మాడ్యూల్స్‌గా విడిగా బయట ఉంచాలి. అలాగే చేశాను. కోల్డ్ స్టోరేజీలో మొదటి టిక్కీ బరువు తెరమీద కనబడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. (మిర్చి ఘాటు అని చెప్పుకున్నాను.) బాబాయికి సంబరంగా వివరించాను కూడా. "టిక్కీలో కుక్కి కుక్కి తొక్కితే కుట్టు ఊడిపోద్ది కదండీ, ఇదీ అంతే. అక్కర్లేనిది ఏదో చూసి తీసెయ్యాలి."

ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. నెలాఖర్న పిలిచి, "పని అయిపోయిందిగా, ఇంత చిన్న ఆఫీసులో ఇద్దరెందుకురా? అల్లుడుగారు చూసుకుంటారు. అవసరమైతే పిలుస్తాలే" అన్నాడు. అంటే నేను మాడ్యూల్‌నన్నమాట.

కెర్నల్ సైజు బైటుతో సహా చెప్పగలిగిన ఆ కుర్రాడికి (నాకే), అల్లుడు చేరిన రోజే ఆఫీసు పెద్దదైపోయిందని తట్టలేదు, పాపం. వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు నేను వేరేచోట నిజంగానే పర్మినెంటు. ఆదివారం సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు మాత్రం అమ్మ లేవదు, తల దించుకుని కళ్లజోడు తుడుచుకుంటుంది. బాబాయి ఇప్పటికీ ఆమెన్ గట్టిగానే అంటాడు.