మడమలు పట్టే కుక్క

కుక్కకు పిచ్చి లేచిందో లేదో తేల్చుకోవడానికి పది రోజులు కట్టేసి చూడమన్నాడు డాక్టరు. కట్టేసినందుకే దానికి పిచ్చి లేస్తే ఏం చేయాలో చెప్పలేదు. ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. అప్పటి కోపం నాలో ఇప్పటికీ ఉంది. అది డాక్టరు మీదనా, కుక్క మీదనా, నా మీద నాకేనా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మట్టెవాడలో నాకు సైకిళ్ల దుకాణం ఉండేది. గంటల లెక్కన కిరాయికిచ్చేవాణ్ణి, పంక్చర్లు వేసేవాణ్ణి. ముందు దుకాణం, వెనక రెండు గదులు, ఆ వెనక వాకిలి. అందులో నేను, నా భార్య, ముగ్గురు పిల్లలు, మా అవ్వ. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. నా బడి నాలుగో తరగతితో ఆగిపోయింది. మిగిలిన చదువంతా గ్రంథాలయం బల్ల మీద ఒక్కణ్ణే కూర్చుని చదువుకున్నది. అందుకే తెలియనిది ఎదురైతే అది ఏదో పుస్తకంలో ఉండి తీరుతుందని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకాన్ని చెడగొట్టింది ఈ కుక్కే.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఎండాకాలం నా చిన్ననాటి దోస్తు దాన్ని గొంగడి మడతలో పెట్టుకుని తెచ్చాడు. పాలంపేట దాపున వాడి ఊరు, గొర్రెలు కాసేవాడు. ఏ వరసా లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం.

"దీని తల్లి మా మంద కుక్క. అయ్య ఎవడో తెల్సా బావా? ఆఫీసరు బంగ్లల అల్సేషన్. సగం దొరబిడ్డ, మంచిగ సాదుకో" అన్నాడు.

సాదుకున్నాం. పేరు పెట్టలేదు. పిలవవలసిన అవసరం వస్తే కదా పేరు! ఎవరు ఎటు కదిలినా అది ముందే అక్కడ ఉండేది. చెవి ఒకటి నిలబడి, ఒకటి వాలి, బూడిద రంగులో, చూడ్డానికి ఏ జాతిదో తెలియకుండా ఉండేది. కూర్చోవడం దానికి రాదు. పిల్లలు వాకిలి దాటితే చాలు, చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి, నేలకు వంగి కళ్లలోకి చూసేది. ఆగకపోతే మడమ పట్టేది. కరవడం కాదు, పళ్లు ఆనించి వదలడం. పిల్లలు కిలకిలా నవ్వుతూ లోపలికి పరుగెత్తేవాళ్లు. వాళ్లు నవ్వుతున్నారు కాబట్టి అది ఆట అనుకున్నాం. కుక్క ముఖంలో మాత్రం ఆట కనిపించేది కాదు. బరువైన బాధ్యత ఏదో నెత్తిన పెట్టుకున్నట్టు ఉండేది.

దుకాణంలో దాని పెత్తనం ఇంకా ఎక్కువ. ఒకతను గంటకని సైకిలు తీసుకుని సందు మలుపు తిరిగాడో లేదో, ఇది ఉరికి వెళ్లి ముందు చక్రానికి అడ్డం పడి, అతణ్ణి ఐదు నిమిషాల్లో నా గడప ముందుకు తెచ్చేసింది.

"ఏందన్నా, కిరాయి గంటకా, నీ కుక్క ఇష్టానికా?"

"గది గట్లనే ఉంటది తమ్మీ, జర ఫికర్ చెయ్యకు" అని ఇంకో సైకిలు ఇచ్చాను, అది ఆ సైకిలును చూసే అడ్డం పడుతోందేమోనని. రెండోసారీ తెచ్చింది.

"నువ్వు కుక్కను తేలే, సావుకారును తెచ్చినవ్" అంది నా భార్య. "ఇంట్ల ఎవలెవలు ఉన్నరో దానికి లెక్క అప్పజెప్పాలె."

గ్రంథాలయానికి వెళ్లాను. కుక్కల మీద ఒక పుస్తకం దొరికింది. స్నానం ఎలా చేయించాలి, షేక్‌హ్యాండు ఎలా నేర్పాలి, మాంసం ఎన్నిసార్లు పెట్టాలి. బంగ్లాల్లో ఉండేవాళ్ల కుక్కలు, బంగ్లాల్లో ఉండేవాళ్ల సమస్యలు. రెండు గదుల ఇంట్లో ఆరుగురు మనుషులను మందగా లెక్కపెట్టుకునే కుక్క గురించి ఒక్క వాక్యం లేదు. పుస్తకాలు రాసేవాళ్లకు సైకిళ్ల దుకాణంవాడు కుక్కను పెంచుతాడని తోచలేదన్నమాట. నాకు ఒళ్లు మండింది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఆ మాట గ్రంథాలయంలో ఉన్నాయనతో అంటే, ఆయన నా కుక్క ఎక్కడ ఉందోనని గుమ్మం వైపు చూశాడు. అది గుమ్మంలోనే ఉంది, నన్ను తీసుకుపోవడానికి.

దానికి రెండేళ్లు వచ్చాక ఒక పొద్దున ఆ సంగతి జరిగింది. మా అవ్వ రోజూ చాయ తాగి ఎదురింటి అరుగు మీదికి పోయేది. అక్కడ ఆమె ఈడు మనిషి ఉండేది, ఇద్దరికీ ఆకూ వక్కా, కబుర్లు. ఆ పొద్దున కుక్క ఆమెను మూడుసార్లు వెనక్కి తిప్పింది. మూడుసార్లూ తిట్టి, నాలుగోసారి అవ్వ గట్టిగా అడుగు వేసింది. మడమ మీద పన్ను దిగింది. జొన్నగింజంత నెత్తురు.

నేను చేతిలో ఉన్న గాలిపంపుతో కుక్కను కొట్టాను. అది అరవలేదు. నన్నే చూసింది.

"సూది గుచ్చినంత గూడ లేదు, గింత పసుపు పెట్టు" అంది అవ్వ.

అప్పటికే పక్కింటి కంపౌండరు గోడ మీదుగా తల పెట్టి చూస్తున్నాడు. ఏదో ప్రైవేటు డాక్టరు దగ్గర మందులు కట్టేవాడు. నాకంటే పెద్దవాడు, తెలియనిది లేదు. "పసుపుతోని పోయేది గాదు తమ్మీ. రేబిస్ కేసైతే మనిషి మిగలదు. దవాఖానకు పో" అన్నాడు.

పోయాం. సర్కారు దవాఖానలో డాక్టరు గాయం చూడలేదు, కాగితం చూశాడు. బొడ్డు చుట్టూ రోజుకొకటి, పద్నాలుగు సూదులు మొదలుపెట్టమన్నాడు. కుక్కను కట్టేసి చూడాలి. పది రోజులు బతికి ఉంటే దానికి పిచ్చి లేనట్టు, సూదులు ఆపేయవచ్చు. చచ్చిందా, ఉన్నట్టే. ఆయన చెప్పిన పద్ధతి తప్పు కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. తప్పు కాకపోవడంతో కోపం ఇంకా పెరిగింది.

వాకిట్లో ఇనుప కడ్డీకి గొలుసు వేసి కట్టేశాను. అక్కడినుంచి దానికి వీధి కనిపించదు, వంటింటి లోపల ఎవరున్నారో కనిపించదు. మనుషుల గొంతులు మాత్రం వినిపిస్తాయి. మొదట లాగింది. తర్వాత మొరిగింది. తర్వాత కడ్డీ చుట్టూ తిరగడం మొదలుపెట్టి, గొలుసు పొట్టిదయ్యేదాకా చుట్టుకుని, మెడ బిగిసి, మళ్లీ ఇటు తిరిగేది. మూడో రోజుకు కళ్లు ఎర్రబడ్డాయి. నాలుగో రోజుకు మూతి చుట్టూ నురుగు. అన్నం ముట్టలేదు.

"కండ్లు చూడు, నురుగు చూడు. వంద పర్సెంట్ గదే" అనేవాడు కంపౌండరు గోడ మీదనుంచి. "సంపి, తల కోసి పట్నం పంపాలె. ఆడ పరీక్ష చేస్తరు."

చంపితే పది రోజుల లెక్క పోతుంది. చంపకపోతే, అది గొలుసు తెంపుకుంటే పిల్లలున్నారు. అది పిచ్చిదయితే అవ్వ బతుకు ఆ సూదుల మీద ఆధారపడి ఉంది, ఆ సూదులు పడ్డాక కూడా పోయినవాళ్ల కథలు కంపౌండరు దగ్గర చాలా ఉన్నాయి. పిచ్చిది కాకపోతే ఒక మంచి కుక్కను నేను నా చేతులతో కడ్డీకి వేసి నలుపుతున్నాను. పొద్దున ఒక మాట అనుకునేవాణ్ణి, మధ్యాహ్నానికి దానికి ఎదురు మాట. పంక్చరు వేసిన ట్యూబుకే మళ్లీ పంక్చరు వేశాను ఒక రోజు.

అవ్వ మాత్రం రోజూ నడిచి పోయి పొట్ట చూపించి వచ్చేది. "నా బొడ్డు సుట్టు సూదులు బతుకమ్మ ఆడుతానయ్" అని అరుగు మీద నవ్వించేది. ఇంట్లోకి వచ్చాక పొట్ట పట్టుకుని గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చునేది. అది నేను చూశాను.

డిక్షనరీ తీశాను. ఈ జబ్బుకున్న ఇంకో ఇంగ్లీషు పేరు హైడ్రోఫోబియా, దానికి అర్థం నీళ్ల భయం అని ఉంది. ఎట్టకేలకు ఒక పుస్తకం సాయం చేసింది అనుకున్నాను. ఆరో రోజు గిన్నెలో నీళ్లు పోసి, దగ్గరికి పోకూడదు కాబట్టి కట్టెతో గిన్నెను కుక్క ముందుకు తోశాను. కుక్క వెనక్కి వెనక్కి పోయి గోడకు అంటుకుని వణికింది. నీళ్లు ముట్టలేదు.

"చూసినవా?" అన్నాడు కంపౌండరు.

చూశాను. వంటింటి గుమ్మంలో నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. "అత్తమ్మకు ఏమైతదయ్యా ఇగ? ఎవలన్న వచ్చి దీన్ని తీస్కపోతె బాగుండు." మునిసిపాలిటీవాళ్లను తను తీసుకొస్తానని కంపౌండరు మాట ఇచ్చాడు.

మరునాడు పొద్దున్నే ములుగు బస్సెక్కాను. దోస్తు మంద ఒక రైతు పొలంలో ఎరువు కోసం ఆపి ఉంది. జరిగింది చెప్పి, "నువ్వే ఇచ్చినవ్, నువ్వే చెప్పు. నాకు దిమాక్ పనిచేస్తలేదు" అన్నాను. వాడు మందను తమ్ముడికి అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని, "పా బావా" అన్నాడు.

సాయంత్రానికి వాకిట్లో ఉన్నాం. గోడ మీద కంపౌండరు ఉన్నాడు. దోస్తు దూరంగా గొంతుక్కూర్చుని కుక్కను చూశాడు.

"నీళ్లు ఎట్ల పెట్టినవ్? పెట్టి చూపియ్యి."

కట్టె తీసుకుని గిన్నెను తోశాను. కుక్క గోడకు అంటుకుంది. వాడు గిన్నెను చూడలేదు, నా చేతిని చూశాడు.

"ఆ కట్టె అవతల పారెయ్యి."

పారేశాను. వాడు గిన్నెలోంచి దోసిట్లో నీళ్లు తీసుకుని, నేల మీద కూర్చునే జరుగుతూ ముందుకు పోయాడు. కుక్క వాసన చూసింది. నాలుకతో ఒకసారి తాకింది. తర్వాత మూడు దోసిళ్లు తాగి, గిన్నెలో మూతి పెట్టింది.

"దీన్ని కొట్టినవా బావా?"

"అవ్వను పట్టిననాడు. పంపుతోని."

"మరింకేంది. అది నీళ్లకు భయపడుతలేదు, నీ కట్టెకు భయపడుతాంది."

పుస్తకాన్ని నమ్మి, చేతిలో కట్టె ఉందన్న సంగతే మరిచిపోయాను.

"నీళ్లు తాగితె ఏమాయె?" అన్నాడు కంపౌండరు. "పది రోజులు కాలే గద."

"నేనేమన్న డాక్టర్నా సాబ్? పది రోజులు ఉంచుండ్రి. గని గిట్ల కడ్డీకి కట్టేస్తే పిచ్చి లేనోనికి గూడ లేస్తది. నిన్ను రెండొద్దులు కట్టేసి చూద్దామా?"

మరి ఇది మనుషులను ఎందుకు తిప్పుతుంది అని అడిగాను. మందల దగ్గర దాన్ని మర్లెయ్యడం అంటారు, దారి తప్పిన గొర్రెకు ఎదురుపోయి మళ్లీ మందలో కలపడం. వాడు తల గోక్కున్నాడు. "మా కుక్కలు తోడేలు రాకుంట కాస్తయ్ బావా, మర్లేసుడు మేమే చేస్తం. దీనికి యాడికెల్లి వచ్చిందో నాకూ తెల్వది. అయ్య దిక్కుకెల్లేమో." ఇంత దూరం పోయి తెచ్చుకున్న మనిషి కూడా తెలియదన్నాడు. ఎందుకో ఆ మాటే నాకు ధైర్యం ఇచ్చింది.

పాత సైకిలు ట్యూబులు ముడివేసి పొడుగ్గా ఒక తాడు చేశాం. అది వాకిలంతా తిరిగి, వంటింటి గుమ్మం దాకా వస్తుంది. సాగుతుంది కాబట్టి మెడ కోసుకోదు. పిల్లలను లోపలే ఉంచాను. కుక్క గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగి చూసింది. ఒక్కొక్కరినీ చూసి, వెనక్కి పోయి, వారం తర్వాత మొదటిసారి పడుకుంది.

ఎనిమిదో రోజు పొద్దున కంపౌండరు చెప్పినట్టే ఇద్దరు మనుషులు ఉచ్చుకర్ర పట్టుకుని వచ్చారు. చట్టం ఎవరి వైపు ఉందో నాకు తెలియదు. అవ్వ గుమ్మంలో నిలబడింది.

"ఏడు సూదులు పడ్డయి నాకు. ఇంక మూడొద్దులు అది బతికితె నా సూదులు ఆగుతయ్. మీరు సంపితె పద్నాలుగు పొడిపించుకోవాలె. మిగిలినయి మీ పొట్టల పొడిపించుకుంటరా బిడ్డా?"

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ముసలామె చెప్పిన లెక్కలో తప్పు పట్టలేక వెళ్లిపోయారు.

పది రోజులు నిండాయి. కుక్క అన్నం తింటోంది. దవాఖానకు పరుగెత్తి, "సార్, కుక్క బతికే ఉంది" అన్నాను. డాక్టరు తల ఎత్తలేదు. "ఎవరి కుక్క?" అన్నాడు.

"మిగిలిన నాలుగు సూదులు నీ దగ్గర్నే పెట్టుకో బిడ్డా" అంది నా వెనక అవ్వ.

విప్పితే మళ్లీ మడమలు పడుతుంది. కట్టేస్తే మళ్లీ పాత కథ. ఊరికి పోయేముందు దోస్తు నవ్వుతూ అన్న మాట ఒకటి ఉంది: "దానికి రోజుకొక్కసారి మంద దొరకాలె, అంతే." ఆ మాట మీద మేము ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దంతా ట్యూబు తాడు. సాయంత్రం దీపాలు పెట్టేముందు ఇంటిల్లిపాదీ వీధిలోకి పోయి తలా ఒక దిక్కు నిలబడాలి. పిల్లలు మలుపు దగ్గర, నా భార్య చేదబావి దగ్గర, నేను కిళ్లీ కొట్టు ముందు, అవ్వ ఎదురింటి అరుగు మీద. కాళ్లకు దళసరి గుడ్డ చుట్టుకుని. అప్పుడు కుక్కను విప్పేవాళ్లం. అది వచ్చి ఒక్కొక్కరినీ ఇంటికి తోలేది. అందరూ లోపలికి చేరాక గడప మీద అడ్డంగా పడుకునేది. నలుగురిలో మర్యాదగా బతికే నన్ను, చేతిలో పేపరుతో, ఒక కుక్క తోలుకుపోతుంటే వీధి వీధంతా చూసేది.

"గొర్రె వచ్చె, గొర్రె వచ్చె" అనేవాళ్లు కిళ్లీ కొట్టు దగ్గర.

ఏళ్ల తరబడి సాగింది ఇది. ఆ ఏళ్లలో ఒక సాయంత్రం సంగతి చెప్పి ఆపుతాను. అందరం లోపలికి వచ్చాం, కుక్క మాత్రం పడుకోలేదు. మళ్లీ బయటికి ఉరికింది. కాసేపటికి దాని ముందు బిత్తర చూపులు చూస్తూ, చెప్పులు చేతిలో పట్టుకుని, కంపౌండరు వచ్చాడు. తల కోసి పట్నం పంపమన్న మనిషి. కుక్క అతణ్ణి మా గడప దాటించి, అడ్డంగా పడుకుంది.

"తమ్మీ, దీన్ని పిలువు."

"పిలిస్తే వచ్చేది గాదు సాబ్. దానికి పేరు లేదు."

"వచ్చినోడు ఎట్లనో వచ్చిండు, చాయ పొయ్యి కోడలా" అంది అవ్వ.

మా ఆరుగురిలో ఎవరి బదులు అతణ్ణి తెచ్చిందా అని చుట్టూ చూశాను. అందరం ఉన్నాం. పక్కింటివాడిని ఎందుకు లెక్కలో వేసుకుందో నాకు ఆ రోజు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు, ఏ పుస్తకంలోనూ లేదు. కంపౌండరు చాయ తాగాడు. లేవబోయాడు. కుక్క తల ఎత్తి అతని మడమ వైపు చూసింది. మళ్లీ కూర్చున్నాడు. నా భార్య ఇంకో కంచం పెట్టింది.