రాస్తారోకోలో శవాసనం

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజులవి. కోరుట్లలో ఉద్యోగ విరమణ చేసిన నాకు నిద్ర కరువైంది. అరవయ్యో ఏట యోగా మొదలుపెట్టి, నిద్రపోయిన గంటలను రోజూ నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. నలభై రోజులైనా రెండు గంటలు దాటలేదు. ఇక మానేస్తానని యోగా గురువుకు కచ్చితంగా చెప్పాను.

"రేపు రాస్తారోకోల రోడ్డు మీదనే ఆసనాలు ఎయ్యాలె సార్. గదొక్కటి చేసి మానుండ్రి" అన్నాడాయన.

మర్నాడు జగిత్యాల రోడ్డుకు అడ్డంగా చాపలు పరిచి, ఆసనాలన్నీ వేసి, చివరకు శవాసనంలో పడుకున్నాం. అందరూ లేచినా నేను లేవలేదట. గుండెల మీద ఏదో బరువుగా పడితే కళ్లు తెరిచాను. అది పక్కనున్న దీక్షా శిబిరంలోని బంతిపూల దండ! చుట్టూ జనం "జోహార్! జోహార్!" అని నినదిస్తున్నారు.

దిగ్గున లేచి, "నాడి చూడకుండానే దండ వేస్తారా?" అని అరిచాను.

దండ వేసిన బీడీ కార్మికురాలు రాజవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "బతికే ఉన్నవా సారూ! గంట సంది పిలుస్తున్నం, ఉలకవు, పలకవు!"

గంటసేపు, పట్టపగలు, అంత గోలలో నిద్రపోయానా! సిగ్గుతో చాప చుట్టుకుని ఇంటికి నడిచాను.

నాటి నుంచి యోగా మానలేదు, నిద్రకూ లోటు లేదు. నాడి చూడనివారి మీద కోపం మాత్రం నేటికీ తగ్గలేదు.