మా అండీ అత్తయ్య

మా మేనత్త మెషీన్లను కూడా ‘మీరు’ అంటుంది. మాట్లాడేది ఏదైనా సరే, దానికి జవాబు చెప్పకుండా ఉండలేదు. అందుకే చుట్టాలందరికీ ఆవిడ అండీ అత్తయ్య.

లిఫ్టు “తలుపులు మూసుకుంటున్నాయి” అంటే, “మూసుకోండి, నేను లోపలికొచ్చేశా” అంటుంది. కారులో దారి చెప్పే గొంతు ఎడమకు తిరగమన్నప్పుడు డ్రైవరు కుడికి తిప్పాడో, అతని పని అయిపోయినట్టే.

“ఆవిడ అంత నోరు విప్పి చెబుతుంటే వినవేం బాబూ?”

“ఇది దగ్గర దారమ్మా.”

“దగ్గరైతే మాత్రం? చూడు, ఎలా మూగబోయిందో! చిన్నబుచ్చుకుంది.”

నేను వాళ్లింట్లో ఉండే ఉద్యోగం చేసేవాణ్ణి. మెషీన్లకు మాటలు నేర్పే ఆఫీసు మాది. “అత్తా, అవి మనుషులు కావు, నా మాట విను” అని ఎన్నిసార్లు మొత్తుకున్నా, “నువ్వేగా వాటికి మాటలు నేర్పేది! కాస్త మర్యాద కూడా నేర్పు” అనేది.

ఒక ఆదివారం బట్టలుతికే మెషీన్ ఉన్నట్టుండి నీళ్లు కక్కింది. వరండా చెరువైపోయింది. మామయ్య పంచె ఎగ్గట్టి, మడమల్లోతు నీళ్లలో నిలబడి కంపెనీకి ఫోన్ కొట్టాడు.

“మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి లైనులో ఉండండి” అంది గొంతు.

“చింతించడం తర్వాత, ముందు మనిషిని పంపవే మొద్దుదానా!”

“మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

మామయ్య ఇక ఆగలేదు. తరతరాల తిట్లన్నీ బయటికి తీశాడు.

“మామయ్యా, అది మెషీన్. తిడితే దానికి అర్థం కాదు” అన్నాను.

“అందుకేగా ఇంత ధైర్యంగా తిడుతున్నా!”

అత్తయ్య వచ్చి ఫోన్ లాక్కుంది. “ఏమీ అనుకోకండమ్మా. ఆయనకి కాళ్లు తడిస్తే కోపం నెత్తికెక్కుతుంది. అవునూ, మీ గొంతు బొంగురుపోయిందేం? వేడినీళ్లు తాగారా?”

నేను పకపకా నవ్వాను. మెషీన్‌కు వేడినీళ్లట!

ఇంతలో ఫోన్లో గట్టిగా ఒక తుమ్ము వినిపించింది.

మామయ్య నా వైపు చూశాడు. “ఒరేయ్, మీ వాటికి తుమ్మడం కూడా నేర్పారా?”

“లేదే!” అన్నాను. కానీ నాకూ గట్టి నమ్మకం లేదు. వేరే ఆఫీసువాళ్లు నేర్పి ఉంటే?

“అమ్మా,” అంది ఫోన్లో గొంతు. “పొద్దుట్నుంచీ ఆ మాట అడిగింది మీరొక్కరే.”

“మనిషివా!” అంటూ మామయ్య పంచె దించేసుకున్నాడు, ఎదురుగా ఆడపిల్ల వచ్చి నిలబడ్డట్టు. “మరి ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా అమ్మాయ్?”

“రాసిచ్చిందే చదవాలి సార్. చెప్పినా ఎవరూ నమ్మట్లేదు. ఇందాక ఒకాయన మనిషినని రుజువు చేసుకోమన్నాడు. పాట పాడాను. ‘భలే తయారుచేశారే’ అని ఫోన్ పెట్టేశాడు.”

మామయ్యకు ఇందాక అన్నవన్నీ వెనక్కి తీసుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అత్తయ్య మాత్రం ఆ పిల్లకు మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో చెబుతూ కూర్చుంది. మెషీన్ సంగతి చెప్పడమే మరిచిపోయింది. ఆ పిల్లే గుర్తుపెట్టుకుని, మర్నాడు మెకానిక్‌ను పంపింది.

“అత్తా, మనిషని నీకు ముందే తెలిసిపోయిందా?” అని అడిగాను.

“నాకేం తెలుస్తుందిరా? ఈ గొంతులన్నీ నాకు ఒక్కలాగే ఉంటాయి. మెషీన్‌ని పట్టుకుని మనిషనుకున్నాననుకో, నీలాంటివాళ్లు నవ్వుతారు, అంతేగా! మనిషిని పట్టుకుని మెషీన్ అనుకుంటే?”



ఆ వారంలోనే మామయ్యకు ఫోన్ వచ్చింది. కొత్త పాట పెట్టుకోవాలంటే ఒకటి నొక్కమంటోంది ఒక గొంతు. మామయ్య ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, “మనిషా, మెషీనా?” అని గుసగుసగా అడిగాడు. నేను విన్నాను. మళ్లీ విన్నాను. “తెలియట్లేదు మామయ్యా” అన్నాను. ఆయన గొంతు సవరించుకుని, “భోంచేశావా అమ్మా?” అని అడిగి, ఒకటి నొక్కేశాడు.

ఇప్పుడు మామయ్యకు ఫోన్ చేస్తే ఎవరో పిల్లాడు ప్రేయసి కోసం గుండె బాదుకునే పాట వినిపిస్తుంది. తీసేయిస్తానంటే ఒప్పుకోడు.

“ఊరుకోరా. అంత మర్యాదగా అడిగింది. ఇప్పుడు వద్దంటే ఏమనుకుంటుంది?”