శనివారం కొండెక్కే పిల్ల

మా అక్క కూతురు సాహిత్య జర్మనీలో ఇంజినీరు. పంపులు తయారుచేసే కంపెనీలో పని. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ పిల్ల ఏం చేస్తుందో మా చుట్టాల్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అందరికీ కావలసింది శనివారం సంగతే. ఎందుకంటే వానైనా మంచైనా, ప్రతి శనివారం ఆ పిల్ల ఏదో ఒక కొండెక్కుతుంది.

నా పేరు మనోరమ. సాహిత్యకు చిన్నమ్మను. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో గాజుల దుకాణం నాది. పొద్దస్తమానం ఆడవాళ్లతో బేరాలాడే నోరు కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే వస్తాయి. ముందే చెబుతున్నాను.

సాహిత్య పుట్టి పెరిగింది తాండూరులో, వాళ్ల పప్పు మిల్లు ఆవరణలోనే. మా అక్క కస్తూరమ్మ, బావ రాజేశం ఇద్దరూ మిల్లు చూసుకుంటారు. చూసుకునేది అక్క, చూస్తూ కూర్చునేది బావ అని నేనంటే బావ కూడా నవ్వుతాడు. చిన్నప్పుడు ఈ పిల్ల బొమ్మలతో ఆడుకోగా నేను చూడలేదు. పాడైన స్విచ్చులు, మోటారు వైర్లు ఏరుకొచ్చి నూనె డబ్బాలో దాచుకునేది. ఒకసారి ఇంటి కాలింగ్ బెల్లు మీట ఊడదీసి మిల్లు తలుపుకి బిగించింది. తలుపు తెరిచినప్పుడల్లా ఇంట్లో బెల్లు మోగేది. పగటి నిద్రలో ఉన్న బావ ఎవరో వచ్చారని లేచి లేచి విసిగిపోయాడు. పిల్లను కొట్టబోయి, ఎలా చేసిందో అర్థంకాక ఆగిపోయాడు.

ఆ పిల్ల హైదరాబాద్‌లో చదివి, జర్మనీలో మళ్లీ చదివి, అక్కడే ఉద్యోగంలో చేరింది. మొదటి చలికాలం గదిలో ఒక్కతే కూర్చుని బాగా ఏడ్చిందట. అది చూడలేక ఆఫీసులో తోటి అమ్మాయి ఒక శనివారం కొండకు లాక్కుపోయింది. పైకెక్కేసరికి ముక్కు ఎర్రబడి, కాళ్లు పట్టేసి, ఆకలి దంచేస్తూ ఉంటే ఈ పిల్లకు పట్టరాని సంతోషం వచ్చిందట. ఆ సంతోషం ఇంకా దిగలేదు. అక్కడివాళ్లు కొండ మీద బ్రెడ్డు తింటారు. ఇది కందిపొడి పట్టుకుపోతుంది. ఇప్పుడు వాళ్ల గుంపులో ఒక పెద్దాయన బ్రెడ్డు మీద వెన్న రాసి, దాని మీద మా అక్క చేసిన కందిపొడి చల్లుకుని తింటాడు. తాండూరు కందులకు అంతకంటే మర్యాద ఇంకేం కావాలి?

ఆదివారం మాత్రం గది దాటదు. టేబుల్ నిండా వైర్లు, అతుకులు పెట్టే మిషను. బాల్కనీలో టమాటా మొక్కలకు దాహమైతే వాటంతట అవే నీళ్లు పెట్టుకునే ఏర్పాటు చేసింది. గాలి ఎటునుంచి వీస్తుందో చెప్పే పెట్టె చేసింది. అది తెలుసుకుని ఏం చేస్తావంటే, తెలుస్తది కద చిన్నమ్మా అంటుంది. వాటన్నిటిలోకీ దానికి ముద్దు, సబ్బుబిళ్లంత ఒక డబ్బా. కొండల్లో ఫోను పనిచేయని చోట కూడా అది రేడియో మీద కబురు పంపుతుంది. దీనిలాంటి పిచ్చివాళ్లు ఆ కొండల మీద అక్కడక్కడా ఇలాంటి డబ్బాలే పెట్టుకున్నారట. ఒకదాని నుంచి ఇంకోదానికి కబురు దూకుతూ ఊళ్లోకొచ్చి, అక్కడి నుంచి ఇంటర్నెట్ ఎక్కి తాండూరు చేరుతుంది. కొండ దిగాక సాహిత్య మీట నొక్కితే మా అక్క ఫోను టింగుమంటుంది. అక్క వెంటనే బొటనవేలు బొమ్మ పంపిస్తుంది. ఒక్క వారమూ తప్పలేదు, ఒక్క వారమూ ఆలస్యం కాలేదు. నా డబ్బాను మా అమ్మకంటే బాగా వాడేవాళ్లు లేరని సాహిత్య స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకునేది.

మా అక్క ఆ టింగు కోసం ఆకలితో ఎదురుచూస్తున్నదని ఆ పిల్లకు తెలియదు.

జరిగింది ఇది. కొండల మీద సాహిత్య ఫోటోలు మొదట చూసింది పక్క మిల్లు దేవిక. “ఆడిపిల్ల, పెండ్లిగాని పిల్ల, గా గుట్టలల్ల ఒక్కతే ఏం పని?” అని మిల్లు గేటు దగ్గరే అడిగింది. ఆమె అడిగిందంటే బజారంతా అడిగినట్టే. అప్పుడు మా అక్క, శనివారం శనివారం కొండెక్కుతానని పిల్ల మొక్కుకుందని చెప్పింది. దేవిక చెంపలేసుకుంది. శనివారం, పైగా కొండ, ఇంక అడగడానికి ఏముంటుంది? ఏ దేవుడికని కూడా ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి తాండూరులో సాహిత్య అంటే ఒక గౌరవం. దేవిక తన కొడుకు ఉద్యోగం గురించి కూడా కొండ మీద ఒక మాట అనుకోమంది. ఇంకొకామె కోడలి కాన్పు గురించి చెప్పింది. నా వంతుగా నేను మోకాళ్ల నొప్పుల సంగతి కలపమన్నాను. అక్క అందరికీ సరేనంది.

మొక్కు పిల్లది, ఒక్కపొద్దు తల్లిది. శనివారం పొద్దున చక్కెర లేని చాయ్ తాగితే, పిల్ల కొండ దిగి మీట నొక్కేదాకా అక్క మెతుకు ముట్టదు. జర్మనీలో సాయంత్రం దిగితే మనకు రాత్రి భోజనాల వేళ దాటుతుంది. అక్కకు షుగరు ఉంది. ఖాళీ కడుపుతో ఉంటే ఎప్పుడో పడిపోతావని డాక్టరు కోప్పడ్డాడు. నేను అంతకంటే ఎక్కువ కోప్పడ్డాను. సాహిత్యకు ఫోన్ చేసి చెబుతానన్నాను.

“చెప్పినవంటే అది గుట్టలు బంద్ వెడ్తది. నా మీద ఒట్టు, చెప్పకు,” అంది అక్క.

“నువ్వు కిందవడితే అప్పుడు గూడ బంద్ వెడ్తది గద.”

“పడ. నువ్వు ఫికర్ చెయ్యకు.”

ఒట్టు వేయించుకుంది కాబట్టి నోరు కట్టుకున్నాను. నా నోరు కట్టడం ఎంత కష్టమో మా ఆయన్ని అడగండి.

ఈ శ్రావణంలో సాహిత్య సెలవు మీద వచ్చింది. వచ్చీ రాగానే మిల్లుకు ఒక ఉపకారం చేయాలనుకుంది. నూనె పట్టించిన కందులు ఆవరణలో ఎండబోస్తారు. మబ్బు పట్టి చినుకు పడితే అందరూ తట్టలు పట్టుకుని ఉరుకుతారు. అందుకని మొదటి చినుకు పడగానే మోగే గంట చేసి గేటు పక్కన అమర్చింది. మర్నాడు తెల్లవారుతూనే గంట మోగింది. బావ లుంగీ ఎగ్గట్టుకుని, టార్పాలిన్ లాక్కుంటూ బయటకొచ్చాడు. ఆకాశంలో మబ్బు లేదు. పనిమనిషి ఇంద్రమ్మ గేటు ముందు సాన్పి నీళ్లు చల్లుతోంది. ఆ మర్నాడూ అంతే. మూడోనాడు సాహిత్య గంటను గోడ మీదికి ఎక్కించింది. “నీ మిషనుకు నా చెయ్యి నచ్చింది బిడ్డా,” అంది ఇంద్రమ్మ. నిజంగా వాన వచ్చిన రోజు మాత్రం గంట మోగింది, కందులు తడవలేదు. బావ ఆ గంటను చూపించడానికే మనుషుల్ని మిల్లుకు పిలిచాడు.

ఇక శనివారం వచ్చింది. మా వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండకు పోదామంది సాహిత్య. గుడి దాకా కారు పోతుంది కదా అన్నాను. కారుది ఏముంది, అడవి దారిన నడుద్దామంది. కారు పోయే చోటికి నడిచి పోవడం ఏం తెలివో నాకు అర్థం కాలేదు. అయినా ఆ పిల్ల ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు. బావ తిండి గిన్నెలు కారులో పెట్టుకుని పైకి పోయాడు. మేం ముగ్గురం ఆడవాళ్లం అడవిలో పడ్డాం.

నిజం చెప్పొద్దూ, బాగుంది. వాన వెలిసిన అడవి, తడి మట్టి వాసన. సాహిత్య ముందు నడుస్తూ, ఎక్కడ కాలు పెట్టాలో చూపిస్తూ, నా మోకాళ్లను బుజ్జగిస్తూ తీసుకుపోయింది. ఇంట్లో ఎప్పుడూ ఫోను పట్టుకుని ముడుచుకు కూర్చునే పిల్లేనా ఇది అనిపించింది. అక్క అయితే దారి చూడనే లేదు, బిడ్డనే చూస్తూ నడిచింది.

పైన దర్శనం చేసుకుని పులిహోర తిన్నాం. అక్క తినలేదు. దిగినాక తింటానంది. సాహిత్య బలవంతం చేస్తే కడుపు బాగా లేదంది. నేను పళ్లు బిగబట్టుకున్నాను.

బావ కారులో దిగాడు. మేం మళ్లీ అడవి దారినే దిగుతుంటే సగంలో అక్క ఒక రాయి మీద కూర్చుండిపోయింది. ముఖం నిండా చెమట. చేతులు వణుకుతున్నాయి. సాహిత్య సంచిలోంచి ఖర్జూరాలు తీసి నోటికి అందించింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“దిగనియ్యి బిడ్డా. ఇంక జరంత దూరమే.”

ఒట్టూ లేదు, గిట్టూ లేదు. నేను నోరు విప్పాను. “మీ అమ్మ ప్రతి శనివారం ఒక్కపొద్దుంటది. నువ్వు దిగేదాంక తినది. నీ మొక్కు కోసం గిట్ల పానం తీసుకుంటున్నది.”

సాహిత్య నావైపు తెల్లబోయి చూసింది. “ఏం మొక్కు చిన్నమ్మా?”

“ఏం మొక్కంటవేందే? నా మోకాళ్లు గూడ దాంట్ల కలిపిన.”

“నాకే మొక్కూ లేదు. శనివారం ఆఫీసుండది. గందుకు పోత. ఎక్కితే మంచిగనిపిస్తది, అంతే.” అని వాళ్లమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. “అమ్మా, నీకెవరు చెప్పిన్రు నాకు మొక్కుందని?”

అక్క ఖర్జూరాలున్న చేతిని పక్కకు జరిపింది. “ఎవ్వరు చెప్పలే. నేనే చెప్పిన,” అంది.

నాకు ఒళ్లు మండింది. సొంత చెల్లెల్ని, నాక్కూడా చెప్పలేదు.

“ఇష్టముండి ఎక్కుతున్నదంటే నలుగురు ఊకుంటరా? ఒక్కతే ఎందుకు, ఎవరితోని, గాడ ఏం చేస్తది అని మీ నాయిన చెవులు కొరుకుతరు. నిన్ను వాపస్ పిలుసుకొమ్మంటరు. మొక్కంటే చేతులు జోడిస్తరు. గందుకే అన్న,” అంది అక్క. “అంటే అన్న గని, దేవుని పేరు మీద అబద్ధమాడితిని. ఆ రాత్రి నిద్ర పట్టలే. ఒక్కపొద్దన్న నిజంగ ఉంటే అబద్ధం సగమన్న తగ్గుతదనుకున్న.”

సాహిత్య ఏడ్చేసింది. ఖర్జూరాలు చేతిలో అలాగే ఉన్నాయి. “నేను గుట్టలిడుస్త అమ్మా. ఇయ్యాలటి నుంచి ఎక్క. నువ్వు తిను.”

“గదే వద్దు,” అంది అక్క. గొంతు గట్టిగానే ఉంది. “నిన్ను ఇయ్యాల చూసిన. గంత సంతోషంగ నిన్ను నేను ఎన్నడు చూడలే. నువ్వు గుట్టలిడుస్తే నా ఒక్కపొద్దులన్ని ఎందుకైనట్టు?”

ఇద్దరూ మొండివాళ్లే. తినకుంటే ఎక్కనని కూతురు, ఒక్కపొద్దు నడుమ విడిచిపెడితే పాపమని తల్లి. నాకు ఇద్దరికీ చెరొకటి వేయాలనిపించింది, ఇద్దరినీ దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. అక్కతో ఒక్క మాట అన్నాను. “దేవుడు నీ ఒక్కపొద్దు అడగలేదు. నువ్వు భయపడ్డది దేవునికి గాదు, దేవికకు.”

అక్క తలెత్తి నన్ను చూసింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. సంచిలోంచి ఫోను తీసింది. దేవికకే చేసింది.

“వదినె, కస్తూరిని. అనంతగిరిల ఉన్నం... ఆఁ, దర్శనం మంచిగైంది. ఒక మాట చెప్పాలె. మా బిడ్డకు మొక్కు గిక్కు ఏం లేదు. నేనే గట్ల చెప్పిన. తప్పు నాదే.”

దేవిక ఏమందో మాకు వినపడలేదు. చాలాసేపే మాట్లాడింది. అక్క వింటూ ఒక చేత్తో ముఖం తుడుచుకుంది. 

“దేనికని ఏముంది వదినె,” అంది చివరికి. “ఉట్టిగనే. ఉట్టిగనే ఎక్కుతది, ఉట్టిగనే దిగుతది. దానికి ఇష్టం.”

ఫోను పెట్టేసి, బిడ్డ చేతిలోని ఖర్జూరాలు తీసుకుని ఒక్కొక్కటే తిన్నది. ఆఖరిది నాకిచ్చింది.