మూడోసారి అడిగేదాకా

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, మస్కట్‌లో చదువుకునే కుర్రాడి దగ్గర డబ్బు తప్ప అన్నీ ఉండేవి. నా దగ్గరైతే ఆకుపచ్చ అట్ట వేసిన నోటు పుస్తకం కూడా ఉండేది. నెల మొదట్లో అందులో నేను వేసే లెక్కలు చూస్తే ఎక్కడో ఒక చిన్న దేశం నడుస్తోందని అనుకుంటారు ఎవరైనా. నడిచేది నేనొక్కణ్ణే, అదీ వ్యాను ఛార్జీ మిగులుతుందని.

మస్కట్‌లోని అజైబా పేటలో ఒక రూమ్, ఆరుగురం. ఐదుగురు కంపెనీ డ్యూటీలకు పోయేవాళ్ళు, ఆరోవాణ్ణి నేను, కంప్యూటరు కాలేజీకి. మా బాపు ఆ దేశంలోనే దూరంగా సలాలా అనే ఊళ్ళో డ్రైవరు. కాలేజీ ఫీజు ఆయన కట్టాడు. మిగతా ఖర్చులన్నీ నేనే చూసుకుంటానని ఫోనులో ఆవేశంగా చెప్పాను (ఆ ఫోను చేసింది ఆయన కాబట్టి ఆవేశానికి లోటు రానివ్వలేదు). బాపు అంతా విని, "చూసుకో బిడ్డా. గని పరీక్ష ఫీజు కట్టకపోతివో, సక్కగ సలాలా బస్సెక్కు. బట్టల దుకాణంల మాట్లాడి పెట్టిన. లుంగీలు మడతవెట్టుడు రెండు దినాలల్ల వస్తది" అన్నాడు. లుంగీలంటే నాకు గౌరవమే. జీవితమంతా వాటిని మడతపెట్టేంత గౌరవం మాత్రం కాదు.

నా సంపాదన నెలకు ముప్పై రియాళ్ళు. శనివారం నుంచి బుధవారం దాకా ఒక ఒమానీ ఇంట్లో ఇద్దరు మగపిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెప్పేవాణ్ణి. రూముకు పది, మెస్సుకు పన్నెండు, వ్యానుకు నాలుగు పోగా మిగిలిన నాలుగూ సబ్బు, కాగితాలు, క్షవరం కలిసి పంచుకునేవి. పరీక్ష ఫీజు పన్నెండు రియాళ్ళ ఆరువందల బైసాలు (వెయ్యి బైసాలైతే ఒక రియాలు), గడువు మూడు నెలలు. పుస్తకాన్ని ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసినా ఆ పన్నెండూ ఎక్కడా కనబడలేదు.

కనబడింది మొదటి రోజు ట్యూషన్‌లో. నన్ను మజ్లిస్ అనే ముందుగదిలో మెత్తల మీద కూర్చోబెట్టారు. పిల్లల నాయనమ్మ ఒక పళ్ళెం మోయించుకుని వచ్చింది. ఖర్జూరాలు, అరటిపళ్ళు, బత్తాయిలు, హల్వా, వెనకాలే గోధుమరొట్టెలు, మాంసం కూర. ఆవిడ మస్కట్ బజారులో నేర్చిన హిందీలో, "మాస్టర్, ఖానా ఖాయా?" అంది. తిన్నావా అని ఎవరడిగినా తిన్నాననడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య కదా. "ఖాయా, ఖాయా" అన్నాను. ఆవిడ వినిపించుకోకుండా పళ్ళెం నా ఒళ్ళోకి తోసింది. కాఫీ చిన్న గిన్నెలో పోస్తూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను. (చాలనడానికి గిన్నెను అటూ ఇటూ ఊపాలట. ఆ సంగతి తెలిసేటప్పటికి పదకొండో గిన్నెలో ఉన్నాను, ఊపకుండానే చెయ్యి దానంతటదే ఊగుతోంది.)

ఇదేదో ఆ ఒక్కరోజు మర్యాదేమోనని వారంపాటు శాస్త్రవేత్తలా గమనించాను. రోజూ అదే పళ్ళెం, అదే తోయడం. వెంటనే ఆకుపచ్చ పుస్తకం తెరిచాను. నెలకు ఇరవై రాత్రి భోజనాలు మానేస్తే నాలుగు రియాళ్ళు, మూడు నెలలకు పన్నెండు. ఒక్క క్షవరం మానితే మిగతా ఆరువందల బైసాలు. ఇంత అందమైన లెక్క అంతకుముందు నేను కాలేజీలో కూడా చేయలేదు.

మా మెస్సు నడిపేది కడప నుంచి వచ్చిన చాచా. ఆయన పద్ధతి ఒకటే. నెల మొదటి తేదీన ఎవరు ఏ పూట తింటారో పేరు రాయించాలి, మళ్ళీ మొదటి తేదీ దాకా మార్చేది లేదు. "ఏమబ్బయా, వారానికి ఐదు రాత్రులు వద్దంటాండావే? ఎవురన్నా పిల్లనిస్తామన్న్యారా?" అన్నాడు.

"అరబ్బుల ఇంట్లో ఏర్పాటైంది చాచా."

"ఒగరింటి పళ్ళేన్ని నమ్ముకోని పొయ్యి ఆర్పుకుంటారా ఎవురన్నా? సరే, నీ యిష్టం. నడిమధ్యలో వచ్చి అన్నమంటే గంటెతో కొడతా."

మొదటి నెల నాకు బుగ్గలొచ్చాయి. ఇబ్బంది రెండో నెలలో, పేరు రాయించాక మొదలైంది. ఆ ఇంటివాళ్ళకు నేను నచ్చాను. నాయనమ్మ నాచేత సూదిలో దారం ఎక్కించుకునేది, రేడియోకు బ్యాటరీలు వేయించుకునేది, ఒకరోజు గ్యాసు సిలిండరు కూడా మోయించింది. మజ్లిస్ నుంచి నన్ను పిల్లలు చదువుకునే లోపలి గదిలోకి మార్చారు. పొంగిపోయాను. ఆ సాయంత్రం ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఖానా ఖాయా?" అంది.

"ఖాయా, ఖాయా" అన్నాను, పళ్ళెం ఎటునుంచి వస్తుందా అని చూస్తూ.

"అచ్ఛా" అని ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. మూడోనాటికి నాకు విషయం బోధపడింది. పళ్ళేలూ బలవంతాలూ అతిథికి. నేనిప్పుడు ఇంటి మనిషిని, ఇంటి మనిషి తిన్నానంటే తిన్నట్టే. నాకు ప్రమోషన్ వచ్చింది, భత్యం పోయింది. మెస్సులో మొదటి తేదీ దాకా పేరు రాసుకోరు, రాసుకున్నా పరీక్ష ఫీజు పోతుంది. "లేదమ్మా, తినలేదు" అనే రెండు మాటలు నోటివరకూ వచ్చి, అక్కడ చెప్పులు విడిచి కూర్చునేవి, బయటికి మాత్రం వచ్చేవి కావు. అలా మూడు వారాలు నీళ్ళు తాగి, రూముకు పోయి, చాచా "ఎట్లుండె అరబ్బుల ఇందు?" అంటే "బ్రహ్మాండం" అన్నాను.

చివరికి మోసం చేసింది పొట్టే. ఒకరోజు డిక్టేషన్ చెబుతుంటే లోపల్నుంచి పెద్ద చప్పుడు. చిన్నవాడు కలం ఆపి, పిల్లి ఉందేమోనని మెత్త ఎత్తి చూశాడు. రెండోసారి వచ్చినప్పుడు నా వైపు చూశాడు. మూడోసారికి "జద్దా!" అని నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

ఆవిడ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, "మాస్టర్, పేట్ సచ్ బోల్తా, తుమ్ ఝూట్ బోల్తా" అంది. పొట్ట నిజం చెబుతోంది, నువ్వు అబద్ధమాడుతున్నావని. ఇక దాచడానికేం లేదు. మా వైపు మొదటిసారి అడిగితే వద్దంటామని, రెండోసారీ వద్దంటామని, మూడోసారికి కానీ ఒప్పుకోమని నాకొచ్చిన హిందీలో విన్నవించాను. ఆవిడ శ్రద్ధగా విని, "మూడోసారి ఎవరూ అడగకపోతే?" అంది.

"ఆకలితో ఇంటికి పోతాం."

ఆవిడ తలమీది బట్టతో కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. కోడల్ని పిలిచి చెప్పి మళ్ళీ నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీసి చూపించింది. అన్నం, చేప, పప్పు. "మెహమాన్‌ని అడుగుతారు. ఇంటి పిల్లాణ్ణి అడుగుతారా? తీసుకో" అంది. ఆ రోజు నుంచి నేను గడపలో అడుగు పెట్టగానే వేళ్ళు మడుస్తూ, "ఖానా ఖాయా, ఏక్. ఖానా ఖాయా, దో. ఖానా ఖాయా, తీన్. చలో!" అని వంటిల్లు చూపించేది. అబద్ధమాడే వ్యవధి కూడా ఇచ్చేది కాదు.

పరీక్ష ఫీజు గడువులోపే కట్టాను. సలాలా లుంగీలు నేను లేకుండానే మడతపడ్డాయి. హాల్ టికెట్ మీద ఫోటోలో క్షవరం మానేసిన తల గుబురుగా ఉంటుంది. మా అమ్మాయి ఆ మధ్య అది చూసి "ఎవరు నాన్నా ఈయన?" అంది. నా ఇప్పటి తల చూస్తే ఆ అనుమానం న్యాయమే.

నిన్న రాత్రి మా ఆవిడ "తింటారా?" అంటే, పుస్తకంలోంచి తలెత్తకుండా "ఇప్పుడొద్దులే" అన్నాను. "సరే" అని టీవీ ముందుకు వెళ్ళిపోయింది. కాసేపు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత నవ్వొచ్చి, వేళ్ళు మడిచి మూడు లెక్కపెట్టుకుని, నేనే లేచి వంటింట్లోకి వెళ్ళి మూతలు తీశాను.