బావ దిగిపోయిన రేవు

మొగుడి పేరు నోటంట రాకూడదంటారు మావోళ్ళు. నేను సెప్తాను. పోతురాజు. శ్రీకూర్మం పక్క ఊరు మాది. టూరిస్టులు తిరిగే పెద్ద ఓడలో తొమ్మిదేళ్ళు లాండ్రీ పని సేసినాడు. ఏడాదికి ఎనిమిది నెలలు నీళ్ళ మీద, నాలుగు నెలలు నా దగ్గిర. ఈసారి ఓడెక్కి తిరిగొచ్చేసరికి లాండ్రీకి మేస్త్రీని సేస్తామని కంపెనీవోళ్ళు మాటిచ్చినారు. మేస్త్రీ అయితే ఇంక ఆ బట్టల ఆవిర్లో ఉడకక్కర్లేదు, ఓడ అడుగునుంచి పై గదికి మారిపోవచ్చు. ఆయనకి అదే ఆశ, నాకూ అదే ఆశ.

ఈలోగా మా ఆడబిడ్డ భారతి ఏడుపు మొదలెట్టినాది, "అన్నియ్యా, మా ఆయన్నీ ఓడెక్కించీ" అని. దాని మొగుడు గణపతిరావు ఏ పనిలోనూ పట్టుమని పదిరోజులుండడు. నేను వద్దన్నాను. ఒకసారి కాదు, గొంతెండిపోయేదాకా వద్దన్నాను. వింటేనా! మావగారు పోయినాక భారతికి కన్యాదానం సేసింది మేమే. నేను సెంబుతో నీళ్ళు పోస్తే, ఈయన గణపతిరావు కాళ్ళు కడిగినాడు. "కాళ్ళు కడిగినోడిని కాదంటే ఎలగే?" అన్నాడు నాతోటి. ఓడలో అందర్నీ బతిమాలి పని ఇప్పించినాడు, తన గదిలోనే మంచం ఇప్పించినాడు.

రెండు నెలలకి ఓడ దుబ్రోవ్నిక్ అనే ఊర్లో ఆగినాది. ఆ పేరు పలకడానికి నాకు నెల పట్టింది, ఇప్పుడు నిద్దర్లో లేపినా సెప్తాను. సముద్రం ఒడ్డునే ఉంటాదట, ఊరు సుట్టూ రాతి కోటగోడ, వందల ఏళ్ళ నాటిది. ఆ గోడ మీద జనం నడిసి తిరుగుతారట. పొద్దున్న ఆగిన ఓడ సాయంత్రానికి కదిలిపోతాది. పనిలో కొత్తోళ్ళని ఒంటరిగా దిగనివ్వరు. "నాతో దిగుతాడు, నాతోనే ఎక్కుతాడు" అని ఈయన సంతకం పెట్టి మరీ దింపినాడు.

కోటగుమ్మం దగ్గిర, "బావా, ఇక్కడే ఉండు, మంచినీళ్ళు కొనుక్కొస్తాను" అని గణపతిరావు లోనికెల్లినాడు. ఎల్లినోడు ఎల్లినట్టే. ఈయన మూడు గంటలు ఎండలో ఆ గుమ్మం ఒగ్గనేదు. వాడు ఫోనెత్తడు. ఓడనుంచి ఫోను, మీవోడేడీ అని. అప్పుడైనా కనపడ్డంనేదని సెప్పొచ్చు కదా! సెల్లి మొగుడికి మాటొస్తాదని, "వస్తన్నాడు, బజార్లో ఉన్నాడు" అన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అబద్ధం. వాడికోసం ఓడ ఆగినాది, ఆలీసమైపోయినాది. ఆఖరికి ఈయన్ని ఒక్కడినీ ఎక్కించుకుని కదిలినారు.

పారిపోయినోడి తప్పు వాడితోనే పోయీది. దాచినందుకు ఈయన తప్పైపోయినాది. తెలిసే దాచినావు, ఇద్దరూ కలిసే సేసినారు అన్నారు. తరవాతి రేవులో దింపీసి విమానం ఎక్కించీసినారు. ఇంక ఆ కంపెనీ ఓడల్లో అడుగెట్టడానికి నేదు. మేస్త్రీ పని ఇంకెవుడికో పోయినాది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో భారతి. "నా మొగుణ్ణి ఎక్కడ ఒగ్గీసి వచ్చినావన్నియ్యా!" అని గుండెలు బాదుకుంటే ఊరంతా పోగైనారు. ఈయన ఎనిమిది నెలలు దాన్ని మా ఇంట్లోనే పెట్టుకుని సాకినాడు. ఆమదాలవలసలో ఇస్త్రీ కొట్టులో పనికి కుదిరి, సెలవు దొరికినప్పుడల్లా విశాపట్నం పోయి, ఓడెక్కించిన ఏజెంటుని బావ జాడ అడిగీవోడు. "బతికున్నాడో నేడో సీతా, దాని బతుకు నేనే పాడుసేసినాను" అని కంచం ముందు కూకుని ఏడిసీవోడు. మనిషి సగమైపోయినాడు.

మొన్నాదివారం మద్దేనం బట్టలు తియ్యడానికి పెరట్లోకెల్లినాను. పశువుల సాల ఎనకాల నవ్వులు. ఓలమ్మో! భారతి ఫోన్లో గణపతిరావు! ఏదో హోటలు వంటింట్లో ఏప్రాను కట్టుకుని, బుగ్గలొచ్చి నిగనిగలాడతన్నాడు. నేనరిసిన అరుపుకి ఈయన పరిగెట్టుకొచ్చినాడు.

"ఎన్నాళ్ళనుంచే ఇది?" అనడిగినాను. తల దించుకుంటాదనుకున్నాను. దించనేదు.

"అక్కడ దిగిపోయి పని ఎతుక్కోవాలని ఓడెక్కకముందే అనుకున్నాం వదినా. అన్నియ్యకి సెప్తే ఆపీస్తాడని సెప్పనేదు."

"మరి ఆ ఏడుపులేటే?"

"ఏడవకపోతే మీకు అనుమానం రాదేటి?"

ఈయన మొకంకేసి సూసినాను. ఇప్పుడైనా తిడతాడు, ఫోను నేలకేసి కొడతాడు, తొమ్మిదేళ్ళ కష్టం ఏటైపోయినాదని అడుగుతాడు అనుకున్నాను. ఫోన్లోంచి వాడే ముందు పలికినాడు.

"బావా, బాగున్నావా?"

ఈయన తువ్వాలుతో మొకం తుడుసుకుని, సెల్లి సేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"బాగున్నాను బావా. నువ్వు తిన్నావా?" అన్నాడు.

ఆ మొగుడూపెళ్ళాల మీదున్న నా కోపమంతా ఆ మాటతో ఈయన మీదకే తిరిగిపోయినాది.