లారీకి పెళ్లిచూపులు

సోమశిల డ్యాముకు రాయి తోలుతున్న ఆ కాలంలో మా ఉదయగిరిలో మనుషులు రెండు రకాలుగా ఉండేవారు. లారీ ఉన్నవాళ్లు, లారీ గురించి తెలిసినవాళ్లు. మొదటి రకం ఏ ఇద్దరో ముగ్గురో. మిగతా ఊరంతా రెండో రకం. రోడ్డు మీద ఇంజను కాస్త గొంతు మార్చిందంటే చాలు, టీ గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ జబ్బు పేరు చెప్పేవాడు, మందు కూడా చెప్పేవాడు. ఇప్పుడు బండి మొరాయిస్తే కంప్యూటరు తగిలించి చూస్తున్నారు. పాపం, దానికి ఒకటే అభిప్రాయం ఉంటుంది.

మా నాయనకు ఒక లారీ ఉండేది. మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాత బండి. నాకు అప్పుడే హెవీ లైసెన్సు వచ్చింది, మీసం ఇంకా సరిగా రాలేదు. ఆ సమయంలోనే దుత్తలూరు మాస్టారి అమ్మాయితో నా సంబంధం మాటల్లోకి వచ్చింది. అమ్మాయిని క్రిస్మస్ ఆరాధనలో పాట పాడుతుండగా ఒక్కసారి చూశాను. ఆ తర్వాత ఆమె ఏ ఊరి చర్చిలో పాడితే ఆదివారం ఆ ఊరికే నాకు లోడు పడేది (నాయన దాన్ని దైవభక్తి అనుకున్నాడు, నేను కాదనలేదు). అమ్మాయి పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోయింది. జడ వెయ్యడం దగ్గర నుంచీ అన్నీ నేర్చుకుని మాస్టారే పెంచాడు. అలాంటి మనిషి లారీ ఇంటికి పిల్లనివ్వడానికి వెనకాడడంలో తప్పేముంది? "అబ్బాయిని తర్వాత చూస్తాలే. ముందు బండిని చూస్తా. లోడు ఎత్తుకొని ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా నన్ను కూర్చోబెట్టుకొని తోలమను. వాళ్ల కూడు దాంట్లోనే గదా ఉండేది" అని కబురు పంపాడు. లోకంలో పెళ్లికొడుకు చదువూ నడవడికా చూస్తారు. నా రాత, టైర్లు చూస్తారట.

చూపించాలంటే బండి చూడదగ్గట్టు ఉండాలి కదా. అప్పటికది పొగ వదులుతూ, డీజిలుతో పోటీగా ఆయిలు తాగుతోంది. అందుకని ఆత్మకూరులో డాక్టరు సాయిబు షెడ్డుకు తోలాము. ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఆ సేపు షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. పిస్టన్లు, లైనర్లు, బేరింగులు అన్నీ మార్చాలని తేల్చి ఇంజను దించాడు. అది చూడడానికి మా అవ్వ కూడా వచ్చింది. మా నాయన తల్లి, ఊళ్లో సగం కాన్పులు ఆమె చేతి మీదుగానే జరిగాయి. గోనెపట్టాల మీద పరిచిన సామాను చూసి ఆమె ముఖం పాలిపోయింది. "దీని పేగులన్నీ బయట పెట్టినారు గదరా, మళ్లీ బతుకుతాదా?" అంది. సాయిబుకు రోషం వచ్చింది. "నా చేతిలో పడిన బండి చావదవ్వా" అన్నాడు.

చావలేదు, నిజమే. పని అయ్యాక ఖాళీ బండి ఇంటిదాకా కూనిరాగం తీస్తూ వచ్చింది. నాయన బానెట్ నిమిరాడు, నేను మీసం నిమిరాను. ఆ తర్వాత మొదటిసారి లోడెక్కించి బయలుదేరితే మొదలైంది అసలు సంగీతం. ఎత్తు వస్తే చాలు, లోపలెవరో నోట్లో వేలు పెట్టుకుని వేసినట్టు సన్నటి ఈల. దాని వెంట నల్లటి పొగ. యాక్సిలరేటరు నేలకు తొక్కినా బండి లాగదు. వెనక నుంచి జోడెడ్ల బండి వచ్చి, గంట వాయించి, మమ్మల్ని దాటుకుని పోయింది. దాని మీద కూర్చున్న రైతు దిగులుగా చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

తిరిగి సాయిబు దగ్గరకు తోలాము. షెడ్డులో నిలబెట్టి స్టార్టు చేస్తే బుద్ధిమంతుడిలా చప్పుడు లేకుండా తిరుగుతుంది. ఆయన స్క్రూడ్రైవరు పెట్టి విని, "ఇంజన్లో దోషం లేదు" అన్నాడు. దోషం లేని ఇంజనుకు టాపెట్లు సరిచేశాడు. పంపు టైమింగు మార్చాడు, ఈలకు తోడు దడదడ కూడా వచ్చింది, మళ్లీ వెనక్కి మార్చాడు. నాజిళ్లు విప్పి కడిగాడు. "కొత్తగా వేసిన సామానులోనే ఉంటాది రోగం. మనం ముట్టుకోనిదాన్ని అనుమానిస్తే పాపం" అనేది ఆయన సిద్ధాంతం. టీకొట్టు వైద్యుల్లో ఒకడు పిస్టన్లు తిరగేసి వేశారన్నాడు, ఇంకొకడు దిష్టి అన్నాడు. మా పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. సాయిబు అనుమసముద్రంపేట దర్గా నుంచి తాయెత్తు తెచ్చి స్టీరింగుకు కట్టాడు. ఇద్దరికీ బండి ఒకే జవాబు చెప్పింది, ఈల వేసి.

ఇంతలో మాస్టారు రావాల్సిన రోజు రానే వచ్చింది. వాయిదా వేద్దామంటే నాయన ఒప్పుకోలేదు. "బండి బాగలేదని చెప్పి పంపితే, ఇంక పిల్లను అడిగే ముఖం ఉంటాదా?" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. నాకు అన్నం సహించడం మానేసింది. ఆయనకేమో జ్వరం తగులుకుంది కాబట్టి, పెద్దదిక్కుగా అవ్వను నా వెంట పంపాడు. ఆత్మకూరులో వడ్ల బస్తాలు ఎక్కించుకున్నాము. కాబిన్లో నా పక్కన మాస్టారు, అటు చివర అవ్వ. బస్తాల మీద డాక్టరు సాయిబు, తన పనితనానికి సాక్షిగా. మాస్టారు ఇస్త్రీ పంచె కట్టుకుని, గొడుగు కాళ్ల మధ్య నిలబెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. నేను పరీక్ష రాసేవాడిలాగే చెమటలు కక్కుతున్నాను.

బయల్లో బాగానే పోయింది. మిట్ట మొదలుకాగానే ఈల అందుకుంది. "హారన్ కొడతా ఉండావా అబ్బాయీ?" అన్నాడు మాస్టారు. నేను నవ్వాను (ఏడుపు అలా బయటికొచ్చింది). మూడో గేరు, రెండో గేరు, మొదటి గేరు. సగం మిట్టలో బండి నల్లగా ఒక నిట్టూర్పు విడిచి నిలబడిపోయింది. దిగి చక్రాలకు రాళ్లు పెట్టాను. సాయిబు పైనుంచే "ఇంజన్లో దోషం లేదు" అని అరిచాడు. అమ్మాయి ఇంక నాకు దక్కదు, ఆమె పాట వినేది ఎవరి పెళ్లిలోనో అనిపించింది. ఏం చెయ్యాలో తోచక బానెట్ ఎత్తి, విప్పగలిగింది ఏదైనా విప్పుదామని, చేత్తో తిరిగే మర కనిపిస్తే తిప్పాను. అది ఇంజను గాలి పీల్చుకునే డబ్బా మూత. మూత కింద, గొట్టం మూతికి, నాలుగు మడతలు పెట్టిన పాత చీర పేలిక గట్టిగా కట్టి ఉంది. ఆ ముడి మా వీధిలో అందరికీ తెలుసు. బాలింతలకు చెవులు మూసి తలకు కట్టే ముడి.

నేను పీకబోతుంటే అవ్వ కాబిన్లోంచి తల బయటపెట్టింది. "తీయబాకరా అబ్బయ్యా. ఇంకా నెల కాలా" అంది.

"నువ్వు కట్టినావా అవ్వా?"

"నేను గాక ఇంకెవురు కడతారు? కడుపు కోసి కుట్టినారు. పచ్చి ఒళ్లు. చలిగాలి సోకితే వాతం చెయ్యదా? గాలి యాడ నించి పోతాదో నువ్వే గదా విప్పి చూపించింది."

చూపించిన మాట వాస్తవమే. బండి ఇంటికొచ్చిన సాయంత్రం ఆమె అడిగితే, కొత్త లైసెన్సు పొగరులో మూత విప్పి మరీ పాఠం చెప్పాను. పాఠం అంత శ్రద్ధగా విన్న విద్యార్థి మరొకరు ఉండరు. ఖాళీగా, మెల్లగా పోతున్నంతసేపూ ఆ గుడ్డలోంచి దూరిన గాలి ఇంజనుకు సరిపోయేది. బరువు మోయాల్సి వస్తే ఊపిరి చాలేది కాదు. ఈల గుడ్డది. నల్లపొగ, గాలి చాలక సగం మండిన డీజిలుది. మా వంశం పరువు మాత్రం పూర్తిగా మండిపోయింది.

మాస్టారు దిగి వచ్చి, నేను విప్పిన ఆ పేలికను చేతిలోకి తీసుకున్నాడు. మసి పట్టిన ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, గొడుగు తీసుకుని నడిచి వెళ్లిపోతాడనే అనుకున్నాను.

"ఇనప బండి గదా అవ్వా ఇది" అన్నాడు.

"ఇనమైతే ఏంది నాయనా. మన ఇంటి కోసం కష్టపడేది గదా."

మాస్టారు ఆ పేలికను మడతపెట్టి అవ్వ చేతికిచ్చాడు. "మా పాపను కన్నప్పుడు వాళ్లమ్మకు ఇట్లా చూసుకునే ఆడమనిషి ఇంట్లో లేకపాయ. నెల తిరక్కముందే పోయింది" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు: "పిల్లను ఈమె ఉండే ఇంటికి ఇస్తా. ఈ బండి మిట్ట ఎక్కినా సరే, ఎక్కకపోయినా సరే."

ఎక్కింది. ఈల లేకుండా, పొగ లేకుండా, రెండో గేరులో ఆడుతూ పాడుతూ ఎక్కింది. దాన్ని చూడడానికే దుత్తలూరు నుంచి వచ్చిన మనిషి ఆ సేపంతా అవ్వతో మాట్లాడుతూ కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. పైనుంచి సాయిబు తన పనితనం గురించి బస్తాలకు వివరిస్తున్నాడు.

ఇప్పుడు బస్సులో ఆ మిట్ట దాటేటప్పుడల్లా స్టీరింగు వెనక ఛాతీ విరుచుకుని కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. మాస్టారి మాట చెవిన పడినా, తన డ్రైవింగు చూసే పిల్లనిచ్చారని నమ్మి, స్నేహితులందరికీ అలాగే చెప్పుకు తిరిగాడు. పుట్టింట్లో తల్లి లేదు కాబట్టి మా ఆవిడ తొలికాన్పు మా ఇంట్లోనే జరిగింది. ఆ వేకువన అవ్వ లోపల తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుతుంటే, బయట నా పక్కన కూర్చున్న మాస్టారు నా చేయి పట్టుకున్నాడు. బిడ్డ ఏడుపు వినిపించేదాకా వదల్లేదు. నెల తిరిగి, మా ఆవిడ బిడ్డనెత్తుకుని నవ్వుతూ వాకిట్లోకి వచ్చేదాకా ఆయన దుత్తలూరు పోలేదు. ఆయన ఆ రోజు మిట్ట మీద ఏం చూసి పిల్లనిచ్చాడో నాకు అప్పుడు గాని అర్థం కాలేదు. ఆ కుర్రాడి మీద నవ్వొస్తుంది గానీ, అంత తెలివితక్కువ ధీమా మళ్లీ ఒక్క పూటైనా దొరికితే బాగుండుననిపిస్తుంది.